డీఎంఎఫ్‌తో కాలేయం చెడితే పరిహారం ఎవరివ్వాలి: ఈఎస్ఐనా, యాజమాన్యమా?

లేబర్_డెస్క్: పాశమైలారం, పరవాడ వైపు బల్క్ డ్రగ్ యూనిట్లలో సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి మందును ద్రవం నుంచి వేరు చేసే యంత్రం) మీద పనిచేసే కాంట్రాక్టు కార్మికుడే అనుకోండి. వయసు 40, జీతం 14,000, ఈఎస్ఐ కోత ఉంది. డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్) అనే సాల్వెంట్, అంటే ద్రావకం వల్ల కాలేయం దెబ్బతిని, సంపాదించే శక్తి 30 శాతం తగ్గింది. ఈఎస్ఐకి పంపితే యాజమాన్యం చేతులు దులుపుకొంటుంది కాబట్టి నేరుగా లేబర్ ఆఫీసులో పరిహారం కేసు వేయాలంటాను. మీరేమంటారు?

వకీలు_సంగారెడ్డి: అది మనం ఎంచుకునే విషయం కాదండీ. ఈఎస్ఐ చట్టం 53వ సెక్షన్ ప్రకారం బీమా ఉన్న కార్మికుడు అదే జబ్బుకి యాజమాన్యం నుంచి పరిహారం గానీ నష్టపరిహారం గానీ వసూలు చేసుకోలేడు. సివిల్ దావాకీ ఇదే అడ్డు. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ వచ్చాక సెక్షన్ నంబర్లు మారాయి. అందరికీ అలవాటైనవి కాబట్టి పాత నంబర్లే చెబుతున్నా.

పైగా ఈఎస్ఐ నష్టమేమీ కాదు. 14,000లో 90 శాతం, అందులో 30 శాతం: నెలకు సుమారు 3,780 రూపాయలు, బతికున్నంత కాలం. అదే లేబర్ ఆఫీసులో కేసు వేసే 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద అయితే జీతంలో 60 శాతాన్ని చట్టం పట్టికలో 40 ఏళ్ల వయసుకు ఇచ్చిన గుణకం 184.17తో గుణించి, అందులో 30 శాతం తీయాలి. సుమారు 4.64 లక్షలు, ఒక్కసారే. పదేళ్లు దాటితే ఈఎస్ఐదే పైచేయి.

షిఫ్ట్_బీ: కాగితం మీద బాగానే ఉంది సార్. కాంట్రాక్టరు జీతంలో కోసుకుని చందా కట్టకపోతే? అప్పుడైనా కంపెనీని పట్టుకోవచ్చు కదా?

వకీలు_సంగారెడ్డి: పట్టుకోలేం. చట్టంలో బీమా ఉన్న వ్యక్తి అంటే చందా కట్టాల్సిన వ్యక్తి, కట్టారా లేదా అన్నది వేరే సంగతి. 68వ సెక్షన్ కింద ఈఎస్ఐ కార్పొరేషనే కార్మికుడికి చెల్లించి యాజమాన్యం దగ్గర రాబట్టుకోవచ్చు. జీతం చీటీలు, గేట్ పాస్, హాజరు కార్డు దాచుకోమనండి. జీతం 21,000 దాటి ఈఎస్ఐ పరిధిలో లేనివాళ్లకే 1923 చట్టం. అక్కడా లెక్కలోకి తీసుకునే జీతం 15,000కి మించదు.

ఓహెచ్_డాక్టర్: ఎక్కడ వేయాలన్నది తర్వాత. అసలు చిక్కు జాబితాలో ఉంది. పరిహారం వచ్చే వృత్తి జబ్బుల జాబితా మూడో షెడ్యూల్. దాని బి భాగంలో బెంజీన్, దాని విష సజాతులు (టోలూయిన్, జైలీన్ ఇందులోకే వస్తాయి), హాలోజన్ ఉన్న హైడ్రోకార్బన్లు (డీసీఎం అనే డైక్లోరోమీథేన్, క్లోరోఫామ్), ఆల్కహాళ్లు, కీటోన్లు ఉన్నాయి. డీఎంఎఫ్ అమైడ్ అనే వేరే రసాయన తరగతి, ఇది వాటిలో దేనిలోనూ ఇమడదు. హెక్సేన్ పరిస్థితీ అంతే. రెండు చట్టాల షెడ్యూళ్లూ ఇంచుమించు ఒకటే.

లేబర్_డెస్క్: ఏ ప్లాంటులోనైనా డీఎంఎఫ్ ఒక్కటే ఉండదు కదా. టోలూయిన్ అని రాయిస్తే సరిపోదా?

ఓహెచ్_డాక్టర్: అక్కడే కేసు పోతుంది. టోలూయిన్ ముందు నరాల మీద పనిచేస్తుంది. కాలేయం చెడింది టోలూయిన్ వల్లేనంటే మెడికల్ బోర్డు ఒక్క ప్రశ్నతో కొట్టేస్తుంది. బ్యాచ్ రికార్డుల్లో క్లోరోఫామ్ ఉంటే మాత్రం నిజంగా చూడాల్సిందే, అది కాలేయానికి విషం.

యాజమాన్యం తప్పకుండా ‘తాగుడు’ అంటుంది. హెపటైటిస్ బి, సి పరీక్షలు ముందే చేయించండి. మద్యం వల్ల చెడిన కాలేయంలో సాధారణంగా రక్తపరీక్షలో చూసే రెండు కాలేయ ఎంజైముల్లో ఏఎస్టీ, ఏఎల్టీకి రెట్టింపు దాటుతుంది. డీఎంఎఫ్‌తో అయితే ఎక్కువగా ఏఎల్టీదే పైచేయి. ఇంకో గుర్తు: డీఎంఎఫ్ ఒంట్లో ఉన్నవాడు కొద్దిగా తాగినా ముఖం, మెడ ఎర్రబడి గుండెదడ వస్తుంది. కేస్ షీట్‌లో అది రాయించండి. తాగుతాడన్న ఆరోపణే అప్పుడు సాక్ష్యమవుతుంది.

షిఫ్ట్ చివర్లో తీసిన మూత్రంలో, డీఎంఎఫ్ ఒంట్లో మారి ఏర్పడే ఎన్-మిథైల్‌ఫార్మమైడ్ చూడాలి. సెలవు పెట్టిన నాలుగో రోజు చేయిస్తే ఏమీ దొరకదు. టోలూయిన్ అనుమానముంటే మూత్రంలోనే ఆర్థో-క్రెసాల్ పరీక్ష అడగండి. టోలూయిన్‌కే చూసే హిప్యూరిక్ ఆమ్లం నమ్మదగ్గది కాదు, బెంజోయేట్ కలిపిన కూల్‌డ్రింకు, సీసా పచ్చడి తిన్నా పెరుగుతుంది.

షిఫ్ట్_బీ: మాస్క్ ఇచ్చాం కదా అంటారు.

ఓహెచ్_డాక్టర్: డీఎంఎఫ్ చర్మం గుండా కూడా ఎక్కుతుంది. తడి కేకు (సాల్వెంట్‌తో తడిసిన మందు ముద్ద) అన్‌లోడ్ చేసేటప్పుడు పల్చటి లేటెక్స్ గ్లౌజు ఆపలేదు, బ్యూటైల్ రబ్బరు కావాలి. ఏ రకం గ్లౌజులు ఇచ్చారో స్టోర్ ఇష్యూ రిజిస్టరులో ఉంటుంది.

వకీలు_సంగారెడ్డి: జాబితాలో లేకపోతే 1923 చట్టంలో 3(4) సెక్షన్ మిగులుతుంది. జబ్బు ఫలానా ప్రమాదం వల్లే వచ్చిందని నేరుగా చూపాలి, ఏళ్ల తరబడి పీల్చాడంటే చాలదు. డ్రమ్ము ఒలికిన రోజు, గొట్టం ఊడిన రోజు, ఫ్యాక్టరీ వైద్య కేంద్రమైన ఓహెచ్‌సీ చీటీ వెతకండి. ఫ్యాక్టరీల చట్టం (ఇదీ 2025 నవంబరు 21 నుంచి వృత్తి భద్రతా కోడ్‌లో కలిసింది, ఇక్కడా పాత నంబరే చెబుతున్నా) 41-సి కింద ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసేవారి ఆరోగ్య రికార్డులు ఉంచాలి, కార్మికుడికి చూపాలి. రాతపూర్వకంగా అడిగి, తీసుకున్నట్టు సంతకం చేయించుకోండి.

లేబర్_డెస్క్: జాబితాలో ఉన్నదే అనుకున్నా, బి భాగానికి ఒకే యజమాని కింద వరసగా ఆరు నెలలు ఉండాలి. అయిదో నెలకల్లా కాంట్రాక్టరు పేరు మారుస్తారు. దీనికేమంటారు?

వకీలు_సంగారెడ్డి: 1923 చట్టం కేసుల్లో 12వ సెక్షన్‌తో వాదించొచ్చు. కాంట్రాక్టరు ఎవరైనా ప్రధాన యజమాని తన సొంత కార్మికుడికి ఇచ్చినట్టే పరిహారం ఇవ్వాలి కాబట్టి, ఆ ఆరు నెలలూ కంపెనీ గేటు నుంచే లెక్కపెట్టాలన్నది నా వాదన. ఎదుటివాళ్లు 12 చెల్లింపుకే గానీ సర్వీసు లెక్కకి కాదంటారు.

లేబర్_డెస్క్: అందుకే యూనియన్లు 1923 చట్టం 3(3) సెక్షన్ పట్టుకోవాలంటాను. గెజిట్‌లో మూడు నెలల ముందు నోటీసు ఇచ్చి ప్రభుత్వమే జాబితా పెంచొచ్చు.

షిఫ్ట్_బీ: అది రేపు జబ్బు పడేవాడికి సార్. ఇప్పుడు మంచంలో ఉన్నవాడికి మూత్రం పరీక్ష ఏ ల్యాబ్‌లో చేస్తారో, ముందు అది చెప్పండి.