అప్‌డేట్: ఫ్లోట్ ట్యూబ్ కొన్నాను

నీటిపై కూర్చుని తేలుతూ చేపలు పట్టడానికి వాడే గాలి ట్యూబ్‌లలో (ఫ్లోట్ ట్యూబ్) గుండ్రటిది మంచిదా, ముందువైపు తెరిచి ఉండే యు ఆకారపుది మంచిదా అని గత నెల మిమ్మల్ని అడిగాను. మీ సలహా మేరకు, ఒకటి చిల్లుపడినా రెండోది తేల్చేలా విడివిడి గాలి అరలున్న యు ఆకారపుదే తీసుకున్నాను. కాళ్లకు ఫిన్స్ (నీటిలో తన్నుతూ కదలడానికి వాడే తెడ్డులాంటి తొడుగులు) తొడుక్కుని వెనక్కి నడుస్తూ నీటిలోకి దిగడం దానితో ఎంతో తేలికయింది. చెన్నై నీళ్లు వెచ్చనివి కనుక వేడర్స్ (ఒళ్లు తడవకుండా పాదాల నుంచి పైదాకా వేసుకునే తొడుగు) కొనలేదు, లైఫ్ జాకెట్ మాత్రం తప్పనిసరిగా వేసుకుంటున్నాను.

మొదటి రోజు బిగువుగా గాలి కొట్టి ఎండలో గట్టున ఉంచితే, లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి, కుట్ల దగ్గర గుడ్డ డోలు చర్మంలా బిగిసిపోయింది. వెంటనే కొంత గాలి వదిలాను. చెన్నై దగ్గర సముద్రంతో కలిసే ముట్టుకాడు బ్యాక్‌వాటర్ వంటి చోట్ల పోటుపాట్ల ప్రవాహానికి ఫిన్స్ ఎదురు నిలవలేవు కాబట్టి, అనుమతి ఉన్న నిలకడ నీటి చెరువులకే వెళ్తున్నాను.