డిక్కీలో ఫ్యూయల్ సెల్: స్టెప్నీ గుంటలో దించాలా, నేల మీదే బిగించాలా?

ట్రాక్‌పిచ్చోడు_హైద్:
అన్నలూ, పాత హోండా సిటీని పూర్తిగా ట్రాక్ కారు చేస్తున్నాం. రోడ్డెక్కదు, కోయంబత్తూరు కారీకైనా, చెన్నై ఇరుంగాట్టుకోట్టైకైనా ట్రైలర్ మీదే పోతుంది. ట్యాంకు పావుకి దిగాక పొడవాటి మలుపుల్లో పెట్రోలు అందక మిస్సింగ్ కొడుతోంది. అందుకే 45 లీటర్ల ఫ్యూయల్ సెల్ (గుద్దుకున్నా పెట్రోలు కారకుండా చేసిన రేసు ట్యాంకు) డిక్కీలో పెడదామనుకుంటున్నాం. స్టెప్నీ గుంట కోసి దించాలా, పైనే బిగించాలా? వెనక సీటు దగ్గర డిక్కీకీ లోపలికీ మధ్య రేకు గోడ తప్పదా? వెంట్ పైపు (ట్యాంకుకి గాలి ఆడే గొట్టం) ఎటు తీయాలి? ఆన్‌లైన్‌లో చవగ్గా అల్యూమినియం సెల్స్ దొరుకుతున్నాయి, పనికొస్తాయా?

గేజి_20:
చివరి ప్రశ్నతో మొదలుపెడతా. లోపల బ్లాడర్ (రబ్బరు సంచి) లేని అల్యూమినియం డబ్బాలో స్పాంజి కుక్కినంత మాత్రాన అది ఫ్యూయల్ సెల్ అయిపోదు, అందమైన ట్యాంకు అంతే. గుద్దుకున్నప్పుడు వెల్డింగ్ కుట్టు దగ్గర చీలుతుంది. అసలు సెల్‌లో మూడు పొరలుంటాయి: బయట రేకు పెట్టె (ఉక్కయితే 20 గేజి, అంటే దాదాపు 0.9 మి.మీ.; అల్యూమినియమైతే 1.5 మి.మీ.), దాని లోపల గుడ్డ నేసిన రబ్బరు బ్లాడర్, అందులో సేఫ్టీ ఫోమ్. పెట్టె నలిగినా బ్లాడర్ సాగుతుంది కానీ చిరగదు. నువ్వు డబ్బు పెట్టాల్సింది ఆ బ్లాడర్‌కే. ఎఫ్‌టీ3-1999 (ప్రపంచ మోటార్ రేసు సమాఖ్య ఎఫ్‌ఐఏ ప్రమాణం) ముద్ర, తయారైన తేదీ చూసి కొను. ఎఫ్‌ఐఏ లెక్కలో దాని ఆయుష్షు 5 ఏళ్లు. తయారీదారు మళ్లీ పరీక్షించి సర్టిఫై చేస్తే ఇంకో 2 ఏళ్లు. సెకండ్‌హ్యాండ్‌లో నాలుగేళ్లది దొరికితే సగం ధరకైనా లాభం లేదు.

ఇక బిగింపు. 45 లీటర్ల పెట్రోలు దాదాపు 34 కిలోలు, సెల్ బరువు ఓ 12 అనుకో. మొత్తం 46. గోడకి కొట్టినప్పుడు 20 జీ (బరువుకి 20 రెట్లు) తగిలితే అది 920 కిలోల లాగుడు. డిక్కీ నేల రేకు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, బోల్టు తల దాన్ని అప్పడంలా చించుకుని బయటికొచ్చేస్తుంది. కాబట్టి సెల్‌ని నేలకి కాదు, ఫ్రేమ్‌కి కట్టాలి. 25 మి.మీ. చదరపు ట్యూబుతో (2 మి.మీ. మందం) చట్రం చేసి, రెండు వైపులా ఛాసీ రెయిల్స్ (కారు అడుగున పొడవునా ఉండే దూలాలు) మీదికి తీసుకెళ్లు. నేల గుండా బోల్టు పోయే ప్రతిచోటా కింద 3 మి.మీ. ప్లేటు, కనీసం 75×75. బోల్టులు 8.8 గ్రేడు, నైలాక్ (అదురుడుకి వదులవని) నట్లు. పైన 25×3 మి.మీ. ఉక్కు పట్టీలు, అడ్డంగా రెండు, నిలువుగా రెండు. పెట్టె అంచుకున్న చెవుల మీద బరువు వేలాడదీయకు, అదురుడుకి అవే ముందు పగులుతాయి.

స్టెప్నీ గుంట కోస్తే సెల్ కిందికి దిగుతుంది, బరువు కింద ఉంటుంది, మంచిదే. కానీ పెట్టె అడుగు వెనక సస్పెన్షన్ కంటే కిందికి వేలాడకూడదు. సైలెన్సర్ పక్కనే ఉంటే మధ్యలో హీట్ షీల్డ్. వెనక బంపర్ నుంచి ఎంత ముందుకి జరపగలిగితే అంత జరుపు. వెనక నుంచి ఎవరైనా గుద్దితే మొదట నలిగే చోటు అదే. కోత, వెల్డింగ్ అన్నీ సెల్ కారు దగ్గరికి రాకముందే అయిపోవాలి. ఖాళీ ట్యాంకే కదా అని దాన్ని ఉంచి వెల్డింగ్ చేసేవాళ్లున్నారు. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకులో ఆవిరే ప్రమాదం.

అవుట్‌ల్యాప్:
గేజి అన్న చెప్పింది సెల్ గురించి. నా దృష్టిలో ప్రాణం కాపాడేది సెల్ కంటే రేకు గోడ. తప్పదా అని అడిగావు, తప్పదు. అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ రూల్ కూడా అదే: డిక్కీలో సెల్ ఉంటే కనీసం 0.024 అంగుళాల ఉక్కు (0.6 మి.మీ.) లేదా 0.032 అంగుళాల అల్యూమినియం గోడ ఉండాలి. నువ్వు 0.8 మి.మీ. ఉక్కు వాడు. సీటు వెనక పెద్ద రంధ్రం అందరూ మూస్తారు. మర్చిపోయేవి వేరే: పార్సిల్ ట్రేలో స్పీకర్ కన్నాలు, సీటు బెల్టు రీల్ కన్నాలు, వీల్ ఆర్చ్ పక్కన సి-పిల్లర్‌లోకి (వెనక అద్దం పక్క స్తంభం) పోయే సందులు. రివెట్లు 40 మి.మీ.కి ఒకటి, అంచుల్లో మంటకి తట్టుకునే సీలెంట్. స్ప్రే పీయూ ఫోమ్ కొట్టకు, అది భగ్గున అంటుకుంటుంది.

పని అయ్యాక చీకటి పడనిచ్చి, డిక్కీలో లైటు పెట్టి మూసి, లోపల కూర్చుని చూడు. ఒక్క సూది వెలుగు కనిపించినా అక్కడ సీలెంట్. వెలుగు వచ్చే దారిలో ఆవిరీ వస్తుంది, మంటా వస్తుంది.

వెంట్: సెల్ మీద రోల్‌ఓవర్ వాల్వ్ (కారు బోల్తా పడితే మూసుకునేది), అక్కడి నుంచి 8వ నంబరు ఏఎన్ (రేసు కార్ల గొట్టాల సైజు) పైపు డిక్కీ పైకప్పు దాకా ఎక్కించి, ఒక చుట్టు తిప్పి, అటువైపు నుంచి కిందికి దించి, నేల బయట వదులు. సైలెన్సర్ ఉన్న వైపు వద్దు. డిక్కీ లోపలే ఎప్పుడూ వదలకూడదు. వెంట్ మూసుకుపోతే పంపు లాగిన కొద్దీ లోపల వ్యాక్యూమ్ ఏర్పడి బ్లాడర్ పీల్చుకుపోతుంది. మీటరులో సగం చూపిస్తుంది, ఇంజిన్ మాత్రం ఆగిపోతుంది.

పెట్రోలు డిక్కీలోనే పోసేలా ఉంటే మూత చుట్టూ ట్రే, ట్రే నుంచి బయటికి డ్రెయిన్ పైపు. ఫిల్లర్ మెడ నుంచి బాడీకి ఎర్త్ తీగ కట్టి, మల్టీమీటరుతో 1 ఓమ్ లోపే ఉందో లేదో చూడు.

సన్నపైపు:
పెట్రోలు లైన్ల (పైపుల) సంగతి ఎవరూ చెప్పలేదు. పంపుకి ముందు 100 మైక్రాన్ ఫిల్టర్, తర్వాత 10 మైక్రాన్. తారుమారైతే సన్న ఫిల్టర్‌లోంచి లాగలేక పంపు కూతపెట్టి కాలిపోతుంది. ఇన్‌లైన్ పంపు నెట్టగలదు, లాగడం దానికి చేతకాదు. సెల్ అడుగు కంటే కిందే పెట్టు. వెళ్లేది, తిరిగొచ్చేది రెండూ 6వ నంబరు చాలు. తిరిగొచ్చే పెట్రోలు పికప్ (పంపు లాగే గొట్టం మూతి) పక్కనే పడితే బుడగలు లాగుతుంది, దూరంగా వదులు. రేకు దాటే ప్రతిచోటా బల్క్‌హెడ్ ఫిట్టింగు (రేకుకే బిగించే పైపు జాయింటు). గ్రామెట్ (రబ్బరు రింగు) లేని కన్నంలో పైపు నెల తిరక్కుండా కోసుకుపోతుంది. రిలే, ఫ్యూజ్ డిక్కీలో వద్దు, నిప్పురవ్వ పుట్టేది అక్కడే. కిల్ స్విచ్ (కరెంటు మొత్తం కోసేది) కొడితే పంపు ఆగాలి. కీ ఆన్‌లో ఉండగా ఇంజిన్ ఆగితే మూడు క్షణాల్లో ఆగాలి. రెండూ విడివిడిగా పరీక్షించు.

ఇంకోటి, మన పెట్రోలు ఇప్పుడు ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపినది). ఇథనాల్‌కి తట్టుకోని ఫోమ్ మెత్తబడి రాలుతుంది. ఏడాదికోసారి పై ప్లేటు విప్పి ఫోమ్‌ని వేళ్లతో నలిపి చూడు. నొక్కినచోట తిరిగి పొంగాలి. పొడిపొడిగా వేళ్లకి అంటుకుంటే మార్చెయ్. బ్లాడర్, ఫోమ్, ఓ-రింగులు అన్నీ ఇథనాల్‌కి సరిపోతాయో లేదో కొనే ముందే అడుగు.

ట్రాక్‌పిచ్చోడు_హైద్:
థాంక్స్ అన్నా. స్ప్రే ఫోమ్ అప్పటికే రెండు డబ్బాలు కొనేశాం, వాపసు ఇస్తాం. ఒక డౌటు: రేసు 8 ల్యాపులే. ఇంత పని నిజంగా అవసరమా?

గేజి_20:
ఆ ప్రశ్న ముందే అడగాల్సింది తమ్ముడూ. కంపెనీ ట్యాంకు సీట్ల కింద, వెనక చక్రాల ముందు ఉంది. కారులో అంతకన్నా భద్రమైన చోటు లేదు. కేవలం మలుపుల్లో పెట్రోలు అందకపోవడమే సమస్య అయితే ట్యాంకులో బ్యాఫుల్స్ (పెట్రోలు ఒక పక్కకి పారకుండా ఆపే అడ్డు రేకులు) పెట్టించు, లేదా 2 లీటర్ల సర్జ్ ట్యాంకు (చిన్న అదనపు ట్యాంకు) వేసుకో. పాత పంపు దాన్ని నింపుతూ ఉంటుంది, రెండో పంపు అందులోంచి ఇంజిన్‌కి పంపుతుంది. అయితే సర్జ్ ట్యాంకు డిక్కీలో పెట్టినా రేకు గోడ కట్టాల్సిందే, రెండు లీటర్లే కదా అనుకోవద్దు. ముందు మన దేశ మోటార్ రేసు సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఈ ఏడాది రూల్ బుక్‌లో మీ క్లాసుకి ట్యాంకు మార్పు అనుమతి ఉందో లేదో చూడు, ఆ తర్వాతే గ్రైండర్ తియ్.