"ఇమీడియట్ జాయినర్ కావాలి" అంటారు, తర్వాత ఫోన్ ఎత్తరు: మీకూ ఇంతేనా?

నోటీసు90:
ఏడేళ్ళ ఎక్స్‌పీరియెన్స్, జావా బ్యాకెండ్, ప్రస్తుతం మాదాపూర్‌లో. మా కంపెనీలో రిజైన్ చేశాక నోటీసు పీరియడ్ కింద 90 రోజులు పని చేయాలి, తగ్గించేది లేదు. జాబ్ సైట్‌లో ప్రొఫైల్ అప్‌డేట్ చేసిన మర్నాటి నుంచి రోజుకు ఏడెనిమిది కాల్స్. అందరూ అడిగేది ఒకటే, టోటల్ ఎంత, రెలెవెంట్ ఎంత, కరెంట్ సీటీసీ (ఏడాది మొత్తం జీతం), ఎక్స్‌పెక్టెడ్ సీటీసీ, నోటీసు పీరియడ్. ఈ ఐదూ నా ప్రొఫైల్‌లో పైనే ఉన్నాయి బాబూ, చూసే కదా ఫోన్ చేశావు! తొంభై అనగానే "ఓకే సర్, విల్ గెట్ బ్యాక్" అని కట్. మీటింగ్ మధ్యలోంచి లేచి మెట్ల దగ్గరకు పరిగెత్తి గొంతు తగ్గించి మాట్లాడింది ఇందుకా అనిపిస్తుంది. మా ఫ్లోర్ మెట్ల దగ్గర ఎప్పుడు చూసినా ఇద్దరు ముగ్గురు గోడవైపు తిరిగి గుసగుసలాడుతుంటారు. ఒకరి మొహం ఒకరు చూసుకోం.

అసలు విషయం ఇది. ఒక కంపెనీలో, పేరొద్దు, మూడు రౌండ్లు అయ్యాయి. చివరిది గచ్చిబౌలిలో శనివారం, ఉదయం 9కి రమ్మని మధ్యాహ్నం రెండున్నరకు లోపలికి పిలిచారు. హెచ్ఆర్ ఆవిడ మూడు నెలల పేస్లిప్పులు, ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంట్ అడిగితే ఆ రాత్రే పంపాను. "సోమవారం ఆఫర్ వచ్చేస్తుంది, మీరు పేపర్ పెట్టేయండి, 30 రోజుల్లో జాయినవ్వాలి" అన్నారు. ఐదు వారాలైంది. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడుతున్నాయి, జవాబు లేదు. పేపర్ పెట్టాలా వద్దా, అంటే రిజైన్ చేయాలా వద్దా?

మైత్రీవనం_పాతకాపు:
వద్దు. ఫోన్‌లో చెప్పిన మాటకు అసలు వద్దు.
నేను ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకునే రిజైన్ చేశాను, అయినా మునిగాను. నోటీసులో ఇంకో పది రోజులుందనగా "బిజినెస్ కారణాల వల్ల" అంటూ నాలుగు లైన్ల మెయిల్ వచ్చింది. పాత మేనేజర్ దగ్గరకు వెళితే నా స్థానంలో మనిషి అప్పటికే వచ్చేశాడు. నాలుగు నెలలు ఖాళీ. ఇంట్లో చెప్పలేదు. రోజూ తొమ్మిదికి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలుపు దగ్గరగా వేసి ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాణ్ణి. మా అమ్మ పదకొండింటికి టీ తెచ్చి, మీటింగ్‌లో ఉన్నాననుకుని చప్పుడు చేయకుండా పెట్టి వెళ్ళేది. ఆ టీ కప్పు తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

కూకట్‌పల్లి_కుర్రాడు:
పాతకాపు అన్నా, మీ బాధ అర్థమైంది కానీ నా అనుభవం దీనికి పూర్తిగా ఉల్టా. 90 రోజులని పెట్టినంత కాలం ఒక్క ఇంటర్వ్యూ కూడా పడలేదు, ఎందుకంటే వాళ్ళు నోటీసు పీరియడ్ ఫిల్టర్ వేసి వెతుకుతారు, "15 రోజుల లోపు" అని క్లిక్ చేస్తే మనం లిస్టులోనే ఉండం, మనకెంత వచ్చో ఎవడికి కావాలి. నేను ధైర్యం చేసి పేపర్ పెట్టి, ప్రొఫైల్‌లో "సర్వింగ్ నోటీస్" అని లాస్ట్ వర్కింగ్ డే రాశాను. చివరి నెలలో మూడు ఆఫర్లు.
కాకపోతే ఒకటి ఒప్పుకోవాలి, నాకు పెళ్ళి కాలేదు, ఈఎంఐలు లేవు, ఆరు నెలల ఖర్చు పక్కన ఉంది.

నోటీసు90:
నాకు హోమ్ లోన్ ఉంది బ్రో, పాప ఈ జూన్‌లో ఎల్‌కేజీలో చేరింది. ఫీజు చెబితే మీరు పెళ్ళే చేసుకోరు.

అవతలి_పక్షం:
నేను కన్సల్టెన్సీలో రిక్రూటర్‌ని. తిట్టండి కానీ లోపల జరిగేది కూడా వినండి.

ఒక క్లయింట్ ఒకే రిక్వైర్‌మెంట్‌ని నలుగురైదుగురు వెండర్లకు, అంటే మాలాంటి కన్సల్టెన్సీలకు, ఒకేసారి పంపుతాడు. ముందు ఎవరు రెజ్యూమే పంపితే ఆ క్యాండిడేట్ వాళ్ళ ఖాతాలో. అందుకే మీ ప్రొఫైల్ చదివే టైం ఉండదు, ఆ ఐదు ప్రశ్నలు అడిగి ఎక్సెల్‌లో ఐదు గళ్ళు నింపి పంపేస్తాం. సాయంత్రం ఆరింటికి లీడ్ వచ్చి "ఈరోజు సబ్మిషన్స్ ఎన్ని" అంటాడు, ఎంత మందితో మర్యాదగా మాట్లాడావని ఏనాడూ అడగలేదు. డబ్బు విషయానికొస్తే, చాలా ఒప్పందాల్లో మా కంపెనీకి వచ్చేది మీ ఏడాది సీటీసీలో 8.33 శాతం, అంటే సుమారు ఒక నెల జీతం. అదీ మీరు జాయినై, 60 రోజులో 90 రోజులో నిలబడితేనే. మధ్యలో మానేస్తే ఇంకొకరిని ఉచితంగా వెతికి ఇవ్వాలి. తొంభై రోజుల నోటీసు వాడితో మాట్లాడితే నాకు ఇన్సెంటివ్ వచ్చేసరికి సంక్రాంతి పోయి ఉగాది వస్తుంది.

ఫీడ్‌బ్యాక్ ఎందుకు ఇవ్వరంటే, మాకే ఇవ్వరు. క్లయింట్ దగ్గర ఆ పొజిషన్‌కు బడ్జెట్ ఆగిపోయినా, లోపలి మనిషినే తీసుకున్నా మాకు చెప్పడు. నాలుగు సార్లు మెయిల్ పెట్టాక నాకే సిగ్గేసి ఊరుకుంటాను, మీ ఫోన్ వస్తే చెప్పడానికేమీ లేక ఎత్తను. అది తప్పే, కాదనను.

మీ వైపు కూడా చెప్పాలా? ఒకరికి ఆఫర్ ఇప్పించి మూడు నెలలు గుడ్ మార్నింగులు పెట్టుకుంటూ కాపాడుకుంటే జాయినింగ్ రోజు ఫోన్ స్విచాఫ్. మా ఆఫర్ చూపించి వేరేచోట ఇంకో రెండు లక్షలు పెంచుకున్నాడట. ఇంకొకతనికి ఒకే ఏడాదిలో ముగ్గురు తాతయ్యలు పోయారు.

మైత్రీవనం_పాతకాపు:
మూడో తాతయ్య 😂 సరే, ఉపయోగపడేది ఒకటి చెప్పండి. ఫస్ట్ కాల్‌లోనే వీళ్ళది నిజమైన ఓపెనింగా, ఊరికే రెజ్యూమేలు పోగేస్తున్నారా అని ఎలా తెలుసుకోవాలి?

అవతలి_పక్షం:
క్లయింట్ పేరు అడగండి, వాళ్ళ పేరోల్ మీదా లేక థర్డ్ పార్టీ పేరోల్ మీదా అని అడగండి, ఎన్ని రౌండ్లో, బడ్జెట్ ఎంతో అడగండి. నిజం ఓపెనింగైతే సగమైనా చెబుతారు. "ముందు అప్‌డేటెడ్ రెజ్యూమే పంపండి సర్" అని మాత్రమే అంటే పోగేస్తున్నట్టే. ఇంకోటి, ఒకే క్లయింట్‌కు ఇద్దరు వెండర్ల ద్వారా వెళ్ళొద్దు. ప్రొఫైల్ డూప్లికేట్ అని చాలాచోట్ల ఇద్దరి నుంచీ తీసి పక్కన పడేస్తారు, ఆ సంగతి మీకు ఎవరూ చెప్పరు. ఎవరి ద్వారా ఎక్కడికి వెళ్ళిందో ఒక షీట్‌లో రాసుకోండి.

గుంటూరు_పిల్ల:
మీకు కనీసం నోటీసు పీరియడ్ అడుగుతున్నారు. నాకు డెలివరీ తర్వాత మూడేళ్ళ గ్యాప్. "గ్యాప్ ఎందుకొచ్చింది మేడమ్" అంటారు, బాబు పుట్టాడంటాను, "ఇంకో ప్లాన్ ఏమైనా ఉందా" అంటారు. ఫోన్‌లో, ముక్కూ మొహం తెలియని ఇరవై మూడేళ్ళ అబ్బాయి! మా అత్తగారు కూడా ఇంత సూటిగా అడగలేదు. ఒకాయనైతే గ్యాప్‌ను "కవర్" చేస్తామని, వాళ్ళ కంపెనీ పేరు మీద రెండేళ్ళ ఎక్స్‌పీరియెన్స్ లెటర్, పేస్లిప్పులు ఇస్తామని, అరవై వేలు అన్నాడు.

మైత్రీవనం_పాతకాపు:
అక్కా, ఆ పని మాత్రం చేయకండి. ఇదివరకు సాగేది. ఇప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ సర్వీస్ హిస్టరీ అడుగుతున్నారు. 2014లో యూఏఎన్ అనే పీఎఫ్ నంబరు వచ్చాక ఏ కంపెనీలో ఎప్పుడు చేరారో ఎప్పుడు మానేశారో అంతా ఒకే నంబరు కింద కనిపిస్తుంది, లేని ఉద్యోగం అందులో ఎక్కడా దొరకదు. మా పాత టీమ్‌లో ఒకతన్ని జాయినైన ఏడో నెలలో పంపించేశారు. గ్యాప్ ఉన్నది ఉన్నట్టు రాయండి, అడిగేవాడికే సిగ్గుండాలి.

డాలస్_బెంచి:
ఇక్కడి సంగతి కూడా వినండి. అమెరికాలో ఓపీటీ మీద ఉన్నాను, అంటే చదువయ్యాక కొంతకాలం ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే అనుమతి. మొత్తం మీద 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు, స్టెమ్ ఎక్స్‌టెన్షన్ (సైన్స్, టెక్నాలజీ లాంటి డిగ్రీల వాళ్ళకిచ్చే పొడిగింపు) వస్తే ఇంకో 60 కలుస్తాయి. గోడ మీద క్యాలెండర్‌లో రోజులు కొట్టేసుకుంటున్నాను, ఇవాళ్టికి 61. రోజూ కాల్స్ వస్తాయి. ఆర్‌టీఆర్ (నా తరఫున నన్ను క్లయింట్‌కు పంపే హక్కు వాళ్ళకు ఇస్తున్నట్టు ఒప్పుకోలు) మెయిల్ పంపి "కన్ఫర్మ్ అని రిప్లై ఇవ్వండి" అంటారు, ఇస్తే ఆ క్లయింట్‌కు ఇక వాళ్ళ ద్వారానే వెళ్ళాలి. వాళ్ళేమో నన్ను పంపారో లేదో కూడా తెలియదు. పాస్‌పోర్ట్ కాపీ, ఎస్ఎస్ఎన్ (ఇక్కడి సోషల్ సెక్యూరిటీ నంబరు) చివరి నాలుగు అంకెలు మొదటి కాల్‌లోనే అడుగుతారు. ఇంటర్వ్యూ ఖాయమయ్యే దాకా ఇవ్వడం మానేశాను.
కాల్ చేసేవాళ్ళలో సగం మంది మనవాళ్ళే, హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్. పేరు మైక్ అంటాడు, వెనకాల నుంచి "అన్నా చాయ్ వచ్చింది" అని వినిపిస్తుంది. నేనేమీ అనలేను, అమెరికా రాకముందు ఎనిమిది నెలలు నేనూ అలాంటి సీట్లోనే కూర్చున్నాను. నా పేరు అప్పుడు కెవిన్.

జగిత్యాల_మనిషి:
సాఫ్ట్‌వేర్ వాళ్ళే కాదు అన్నా, గల్ఫ్‌కు పోయేవాళ్ళం మేమూ ఉన్నాం. మాకు రిక్రూటర్ అంటే ఏజెంటు, వాడి కింద ఊళ్ళో ఇంకో సబ్ ఏజెంటు. మా తమ్ముడికి ఆఫీస్ బాయ్ అని చెప్పి ఎనభై వేలు తీసుకున్నారు, చిట్టీ ముక్క కూడా ఇయ్యలేదు. దుబాయ్‌లో దిగినాక క్లీనింగ్ పని. ఆ తర్వాత తెలిసింది, లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదట. లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వం ఈమైగ్రేట్ సైట్‌లో చూడొచ్చు. ముందే తెలిస్తే రెండు బర్రెలు అమ్మకపోదుము.

టెస్టింగ్_తమ్ముడు:
ఫ్రెషర్‌ని. పెద్ద కంపెనీ లోగోతో ఆఫర్ లెటర్ వచ్చింది అన్నా, ఇంటర్వ్యూ వాట్సాప్ చాట్‌లోనే అయిపోయింది. రిజిస్ట్రేషన్ 1,500 కట్టాను, ఇప్పుడు ల్యాప్‌టాప్ డిపాజిట్ 12,000 కట్టమంటున్నారు, జాయినైన నెలలో తిరిగి ఇస్తారంట. నాన్నను అడగాలంటే భయంగా ఉంది.

అవతలి_పక్షం:
కట్టొద్దు తమ్ముడూ. ఉద్యోగం ఇచ్చేవాడు నీ దగ్గర డబ్బు అడగడు, మా ఫీజు కూడా కంపెనీయే ఇస్తుంది. మెయిల్ ఐడీ కంపెనీ డొమైన్‌దా, జీమెయిలా చూడు. ఇప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఆ 1,500 సంగతి చెప్పు. చిన్న మొత్తమే కదా అని వదిలేయకు, ఎంత తొందరగా చెబితే అంత మంచిది. నాన్నకు కూడా చెప్పు, పన్నెండు వేలు పోయాక చెప్పే కంటే ఇది నయం.

టెస్టింగ్_తమ్ముడు:
జీమెయిలే అన్నా. చేస్తున్నా.

నోటీసు90:
అప్‌డేట్. మీ అందరి మాట విని పేపర్ పెట్టలేదు. హెచ్ఆర్‌కు, ఇంటర్వ్యూ చేసిన మేనేజర్‌కు కలిపి మెయిల్ పెట్టాను. గుంటూరు అక్క ఫార్మాట్ కావాలని మెసేజ్ చేశారు కాబట్టి ఇక్కడే పెడుతున్నా: "ఫలానా తేదీన మూడు రౌండ్లు పూర్తయ్యాయి, అడిగిన డాక్యుమెంట్లు అదే రోజు పంపాను. ఈ శుక్రవారం లోపు ఆఫర్ గురించి అవుననో కాదనో తెలియజేయండి, లేకపోతే నా అప్లికేషన్ వెనక్కి తీసుకున్నట్టు భావించండి." అంతే. బతిమాలడం లేదు, తిట్టడం లేదు.

ఐదు వారాలుగా రాని జవాబు నలభై నిమిషాల్లో వచ్చింది. పొజిషన్ హోల్డ్‌లో ఉందట. తేదీ చూస్తే నన్ను పేస్లిప్పులు అడగడానికి రెండు రోజుల ముందే హోల్డ్‌లో పెట్టారు! మరి నా బ్యాంకు స్టేట్‌మెంట్ ఎందుకమ్మా? అయినా నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

కూకట్‌పల్లి_కుర్రాడు:
బ్రో ఒక్క నిమిషం. జావా బ్యాకెండ్, గచ్చిబౌలి, శనివారం ఫేస్ టు ఫేస్, ఉదయం 9కి రిపోర్టింగ్... ఇప్పుడే మా రూమ్మేట్‌కి కాల్ వచ్చింది. ఇమీడియట్ జాయినర్ కావాలట. వెళ్ళమనాలా?

నోటీసు90:
వెళ్ళమనండి. టిఫిన్ చేసి వెళ్ళమనండి, రెండున్నర దాకా పిలవరు.