పబ్బులో మంట పెట్టలేను, డప్పేమో అరగంటకే దిగిపోతోంది

ఐర్లండ్‌లోని గాల్వేలో ఉంటున్నాను. మంగళవారం రాత్రుళ్లు ఇక్కడొక పబ్బులో జానపద సెషన్ జరుగుతుంది. స్టేజీ, మైకులు ఉండవు. ఫిడిల్, టిన్ విజిల్ (చిన్న రేకు పిల్లనగ్రోవి), బౌరాన్ (డప్పు లాంటి ఐరిష్ వాద్యం) పట్టుకుని బల్ల చుట్టూ కూర్చుని వాయిస్తారు. 6/8 లయలో నడిచే జిగ్‌లు (ఐరిష్ నాట్య బాణీలు) మన తిశ్రానికి (మూడేసి దెబ్బల నడకకి) దగ్గరే, అందుకే నా డప్పు బాగానే కలిసింది.

చిక్కల్లా తోలుతోనే. డప్పు 16 అంగుళాలది, చెక్క చట్రం, మేకతోలు. తొమ్మిదిన్నరకు మొదలుపెడితే పది కల్లా మోత చచ్చిపోయి, తడి అట్టపెట్టె మీద కొట్టినట్టు ఉంటుంది. సిర్ర (లావు పుల్ల) దెబ్బ ఎలాగో వినిపిస్తుంది, చిటికెన పుల్ల (సన్న పుల్ల) పలుకు మాత్రం అస్సలు రాదు. వాన పడే రోజుల్లో మరీ ఘోరం.

బయటికెళ్లి పది నిమిషాలు హెయిర్ డ్రయ్యర్ పట్టాను, మూడు పాటల వరకే నిలిచింది. ముందు రాత్రంతా రేడియేటర్ పక్కన పెడితే అంచు దగ్గర సన్నగా బీట వేసింది. దుప్పట్లో చుట్టి తీసుకెళ్లినా అంతే. పొయ్యి ఉంది గానీ, దాని పక్క కుర్చీల్లో పెద్దాయనలు ఆరింటికే కూర్చుంటారు, లేవరు! బౌరాన్‌కైతే వెనక మరలు ఉంటాయి, తిప్పుకుంటారు. ఫైబర్ డప్పు నాకొద్దు, ఆ మోత వేరు.

డప్పు కట్టేవాళ్లు, రోజూ వాయించేవాళ్లు చెప్పండి: సెగ చూపించకుండా మేకతోలు బిగువు కనీసం రెండు గంటలు నిలవాలంటే ఏం చేయాలి?