షట్టర్ స్ప్రింగ్ విరిగింది, మావయ్యగారు తనే విప్పుతానంటున్నారు. ఏం చెయ్యమంటారు?

రాజోలు కోడలు:
నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇంటి పక్కన కారు షెడ్డుకి రోలింగ్ షట్టర్ ఉంది. నిన్న రాత్రి పదిన్నరకి పడుకోబోతుంటే షెడ్డులోంచి ఠాప్‌మని చప్పుడొచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ పేలిందనుకున్నాం, కానీ కరెంటు పోలేదు. పొద్దున్న షట్టర్ ఎత్తబోతే ఎడమ పక్క మోకాలెత్తుకి లేచింది, కుడి పక్క మాత్రం నేలనంటుకునే ఉంది. వంకరపోయి గైడులో, అంటే షట్టర్ అంచు జారే పక్క గాడిలో, బిగుసుకుంది. ఇప్పుడు పైకీ పోదు, కిందికీ రాదు. కదిపితే పైన డబ్బాలో ఏదో ఇనప ముక్క గలగలమంటోంది.

లోపల కారుతో పాటు 6,000 కొబ్బరికాయలున్నాయి. ఎల్లుండి అంబాజీపేట నుంచి కొట్టు ఆసామి బండి వస్తుంది.

అసలు భయం అది కాదండి. మా మావయ్యగారికి 72 ఏళ్లు. రైసు మిల్లులో ఫిట్టరుగా చేశారు, ఆయిలింజన్లు విప్పి బిగించిన మనిషి. 1996 నవంబరు తుపానుకి తాటాకు షెడ్డు ఎగిరిపోతే, రెండేళ్లకి దగ్గరుండి ఈ షెడ్డు కట్టించుకున్నారు. "నా షట్టర్‌కి ఇంకోడెందుకు?" అంటూ పొద్దున్నే నిచ్చెన, పైపు పానా బయటికి తీశారు. మా ఆయన కువైట్‌లో ఉన్నారు. ఇంట్లో అత్తయ్యగారు, నేను, ఇద్దరు పిల్లలు. భోజనాలయ్యాక మొదలెడదామని ఆపాను. ఆయన్ని చెయ్యనివ్వొచ్చా? మారిస్తే ఒక స్ప్రింగ్ చాలా, రెండూ మార్చాలా? తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి.

తణుకు రైతు:
మా గొడౌనుకీ ఇలాగే అయితే నలుగురం గునపాలు పెట్టి ఎత్తేశామండి. నలుగురు మనుషుల్ని పిలవండి, వచ్చేస్తుంది.

పాలకొల్లు షట్టర్ పని:
అమ్మా, ముందు ఆ నిచ్చెన లోపల పెట్టించండి. గునపాలూ వద్దు. వంకరపోయిన షట్టర్‌ని గునపంతో ఎత్తితే పట్టీలు గైడు దాటి బయటికొస్తాయి, ఒక్కసారిగా కూలుతుంది. 8 అడుగుల షట్టరైతే పట్టీలే 70, 80 కిలోలుంటాయి.

నేను 22 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మీరు చెప్పినదాన్ని బట్టి కుడి స్ప్రింగ్ విరిగింది. స్ప్రింగులున్న పైపుని పట్టుకునే క్లాంపు జారితే రెండు పక్కలా బరువెక్కుతుంది గానీ ముక్క గలగలమనదు.

మావయ్యగారికి ఈ మాట చదివి వినిపించండి. ఇంజను ఆపేస్తే చల్లబడి ఊరుకుంటుంది. షట్టర్ అలా కాదు. దించి తాళం వేసిన షట్టర్ నిద్రపోతున్నట్టు కనపడుతుంది గానీ, స్ప్రింగ్ గట్టిగా బిగిసి ఉండేది అప్పుడే. పైకి చుట్టుకునే కొద్దీ అది వదులవుతుంది. అందుకే ఎవరూ ముట్టుకోకుండా రాత్రిపూట విరిగింది. ఎడమ స్ప్రింగ్ ఇంకా ఆ బిగువు మీదే ఉంది. రెండూ ఒకే పైపు మీద ఉంటాయి, ఆ పైపు తిరక్కుండా పట్టుకునేవి బ్రాకెట్ల దగ్గరి క్లాంపులు. క్లాంపు నట్టు రెండు చుట్లు వదిలితే చాలు, పైపు గిర్రున వెనక్కి తిరుగుతుంది, దానికి పట్టించిన పానాతో సహా. నేను పనిలో చేరిన ఏడాది మా మేస్త్రీ ముంజేయి అలాగే విరిగింది. కింద నిచ్చెన పట్టుకున్నవాణ్ని నేనే. ఆ ఎముక చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మేం విప్పేటప్పుడు ఇద్దరం పైన ఉంటాం. ఒకడు పానాతో పైపుని ఒత్తి పట్టుకుంటేనే రెండోవాడు నట్టు ముడతాడు. తరవాత రెండు పానాలు మార్చి మార్చి, పావు చుట్టు చొప్పున బిగువు దించుతాం. ఒంటిచేత్తో అయ్యే పని కాదు.

ఈలోగా లేచిన పక్క కింద సరుగుడు గుంజ ఆనించండి. అలా ఆనించామని కిందనుంచి ఎవరూ దూరకూడదు, పిల్లల్ని అసలు అటు పంపకండి. కాయలు పక్క తలుపులోంచి వస్తే సరే, లేకపోతే బండిని ఒక రోజు ఆగమనండి.

స్ప్రింగులు రెండూ మార్చండి. ఒక రోజు వేసినవి, ఒకే ఉప్పుగాలి తిన్నవి. కొత్తదీ పాతదీ కలిపితే లాగుడులో తేడా వచ్చి మళ్లీ వంకరపోతుంది. బిగించాక షట్టర్‌ని సగంలో వదిలి చూడండి, దాదాపు అక్కడే ఆగాలి. ఏటా వానలకి ముందు స్ప్రింగులకి గ్రీజు పెట్టించండి. గైడుల్లో మాత్రం గ్రీజు వద్దు, ఇసక పట్టేస్తుంది. కొవ్వొత్తి రుద్దితే చాలు.

ఇంకోటమ్మా. పెద్దాయన్ని పక్కన కూర్చోమనకండి. వచ్చిన మేస్త్రీ చేత పని సరిగ్గా చేయించమనండి.

డాలస్‌లో ముమ్మిడివరం:
అన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. ఇక్కడ గరాజ్ తలుపు మడతలుగా పైకప్పు కిందికి జరుగుతుంది, దాని పైన అడ్డంగా ఉండే కమ్మీకి స్ప్రింగ్ చుట్టి ఉంటుంది. వేరే రకమే గానీ ప్రమాదం అదే. మామూలు స్ప్రింగ్‌ని 10,000 సార్లు తెరిచి మూసేందుకని లెక్కకట్టి చేస్తారు. రోజుకి నాలుగుసార్లు వాడితే ఏడేళ్లలోపే అయిపోతుంది. మాది పోయిన జనవరి చలిలో ఠప్‌మంది. మోటారు నొక్కితే తలుపు అర అడుగు లేచి ఆగింది. ఇలా తలుపు పైకి లేచి ఉన్నప్పుడు మోటారు నుంచి విడిపించే ఎర్ర తాడు లాగకూడదు, బరువంతా ఒక్కసారి కిందికొస్తుంది. నాకది తెలీదు, చెయ్యి దాకా వెళ్లింది. పక్కింటాయన కేకేసి ఆపారు. నేనూ పనివాళ్లనే పిలిచాను, రెండూ మార్చారు. మావయ్యగారిని జాగ్రత్తగా చూసుకోండమ్మా.

రాజోలు కోడలు:
అన్నయ్యగారూ, మీరు రాసిందంతా మావయ్యగారికి చదివి వినిపించాను. మేస్త్రీ చెయ్యి విరిగిన దగ్గర మళ్లీ చదవమన్నారు. చదివాక లేచి నిచ్చెన ఆయనే లోపల పెట్టేశారు.

మలికిపురం నుంచి ఇద్దరొచ్చారు. మావయ్యగారు కుర్చీ వేయించుకుని "ఒకడు పట్టుకున్నాకే నట్టు ముట్టుకోండిరా" అని దగ్గరుండి చేయించారు. రెండు స్ప్రింగులూ కూలీతో కలిపి 4,200 అయ్యాయి. షట్టర్ ఇప్పుడు మా చిన్నది రెండు చేతులతో ఎత్తేస్తోంది. సగంలో వదిలితే అక్కడే ఆగుతోంది. బండి ఒక రోజు ఆలస్యంగా వచ్చింది, కాయలు వెళ్లిపోయాయి.

విరిగిన ముక్క నా చేతిలో పెట్టారు. పైపుకి తగిలించే కొక్కెం దగ్గర విరిగింది. విరిగిన అంచు సగం దాకా గోధుమరంగు తుప్పు, మిగతా సగం కొత్త స్టీలు గిన్నెలా తళతళలాడుతోంది. తుప్పు పట్టినంత మేరా ఎప్పుడో చీలి ఉందట, మెరిసేది మాత్రం ఆ రాత్రి తెగిందట. అన్నాళ్లూ రోజూ దాని కిందనుంచే పిల్లల్ని స్కూటరెక్కించుకుని వెళ్లాను.

మావయ్యగారు ఎడమ స్ప్రింగ్ కూడా అడిగి తీసుకుని, కొక్కెం దగ్గర గోటితో గీరి చూశారు. అక్కడా వెంట్రుకంత గీత కనపడింది. రెండింటినీ పాతగుడ్డలో చుట్టి పానా పక్కన పెట్టుకున్నారు.