ట్రక్కు బ్యాడ్జీలు తీయడానికి హీట్ గన్నా, దారమా?

నల్లట్రక్కు:
సెకండ్ హ్యాండ్ ట్రక్కు తీసుకున్నాను. టెయిల్‌గేట్ (వెనక తలుపు) మీద పెద్ద అక్షరాలు, డోర్ల మీద ప్లాస్టిక్ పట్టీలు నచ్చట్లేదు, తీసేద్దామనుకుంటున్నా. హీట్ గన్ పెట్టు, వెంటనే వచ్చేస్తాయని ఒకరంటారు. వేడి తగిలితే పెయింట్ పోతుంది, దారంతో కోసెయ్ అని ఇంకొకరు. ఎవరి మాట వినాలి?

వేడివాది:
వేడి లేకుండా కుదరదు. బ్యాడ్జి వెనక ఉండేది ఫోమ్ టేపు. చల్లగా ఉంటే బిగుసుకుని ఉంటుంది, వేడెక్కితే మెత్తబడి సాగుతుంది. చల్లటి బ్యాడ్జిని పట్టుకుని లాగితే టేపు కంటే ముందు పెయింట్ లేచినా లేవచ్చు. దారం అనేవాళ్లు చలికాలం పొద్దున్నే కోసి చూడండి. వేళ్లు తెగుతాయి, టేపు తెగదు.

దారంచాలు:
వేడి వద్దని ఎవరన్నారు బ్రో? హీట్ గన్ వద్దంటున్నాం. దాని మూతి దగ్గర గాలి 500 డిగ్రీల సెల్సియస్ కూడా దాటగలదు. ఫ్యాక్టరీలో పెయింట్‌ని ఆరబెట్టే ఓవెన్ వేడే సుమారు 130–150 డిగ్రీలు. గన్ ఒకేచోట కాసేపు నిలిస్తే క్లియర్‌కోట్ (రంగు పైన ఉండే పారదర్శక పొర) బుడగలు లేస్తుంది, ఆ తర్వాత పాలిష్ కొట్టినా లాభం లేదు. బంపర్ లాంటి ప్లాస్టిక్ భాగమైతే ఏకంగా వంకర పోతుంది.

హెయిర్ డ్రయర్ చాలు. చెయ్యి ఆనిస్తే వేడి తెలియాలి, కానీ చుర్రుమనకూడదు. గ్లవ్స్ వేసుకుని, చేపల గాలానికి కట్టే నైలాన్ దారాన్ని బ్యాడ్జి వెనక దూర్చి రంపంలా అటూ ఇటూ ఆడించండి. దారం ఫోమ్ మధ్యలోంచి పోవాలి, పెయింట్‌ని రాసుకుంటూ కాదు. అంతకంటే ముందు షాంపూతో శుభ్రంగా కడగండి. అంచుల్లో ఇసుక ఉంటే దాన్ని పెయింట్ మీద రుద్దేది ఆ దారమే.

పెయింట్‌పని:
మీరిద్దరూ తేలిక భాగం గురించి కొట్టుకుంటున్నారు. నా దగ్గరికొచ్చే ప్యానెళ్లు ఎక్కువగా బ్యాడ్జి ఊడాక పాడైనవే. జిగురు మిగులుతుంది, ఓపిక అయిపోతుంది, బ్లేడు పట్టుకుంటారు. లేదా థిన్నర్ పోస్తారు. ఫ్యాక్టరీ పెయింట్ కాసేపు తట్టుకుంటుందేమో గానీ రీపెయింట్ మీద పడితే మెత్తబడి మసకబారుతుంది. పక్కనే హీట్ గన్ నడుస్తుంటే థిన్నరైనా, పెట్రోలైనా అంటుకోవచ్చు, అది వేరే టెన్షన్.

జిగురు తీసే లిక్విడ్‌ని కనపడని మూల పరీక్షించి, తర్వాత పట్టించి నాననివ్వండి. బొటనవేలితో దొర్లిస్తే ఉండలుగా వచ్చేస్తుంది. డ్రిల్లుకు బిగించే రబ్బరు చక్రం ఇంకా తొందరగా తీస్తుంది, కానీ తక్కువ స్పీడులో కదుపుతూనే ఉండాలి. ఒకచోట ఆపితే రాపిడి వేడికి పెయింట్ కాలుతుంది. చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

సెకండ్ హ్యాండ్ అన్నారు కాబట్టి, అన్నిటికంటే ముందు పెయింట్ మందం కొలిచే గేజ్ పెట్టి చూడండి. ఫ్యాక్టరీ పెయింట్ సాధారణంగా 100–150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. 300 చూపిస్తే ఆ ప్యానెల్‌కి మళ్లీ పెయింట్ వేసినట్టే. సరిగా పట్టని రీపెయింట్ టేపుతో పాటు పెచ్చుగా వచ్చేస్తుంది. అలాంటి చోట నేనూ దారం పార్టీనే.

ఉన్నదిఉండనీ:
అసలు తీయడం దేనికి? అక్షరాల కింద ఎండ తగలదు, చుట్టూ తగులుతుంది. అక్షరాలు పోయినా వాటి అచ్చు అక్కడే కనిపిస్తుంది. పైపైన మసకైతే పాలిష్‌తో పోతుంది, రంగే వెలిస్తే పాలిష్ ఏం చేస్తుంది? క్లియర్‌కోట్ ఉండేదే 40–50 మైక్రాన్లు. అచ్చు పోయేదాకా రుద్దుతూ పోతే అదీ అయిపోతుంది. పైగా కొన్ని బ్యాడ్జీలకు వెనక పిన్నులుంటాయి. తీశాక చూస్తే రేకులో రంధ్రాలు!

వేడివాది:
పిన్నుల మాట నిజం. దారం వెళ్లి అక్కడే ఇరుక్కుంటుంది. మరి దానికేమంటారు దారం గారూ?

దారంచాలు:
పిన్నుకి ఇటు కోసి, అటు కోసి, తర్వాత నిటారుగా బయటికి లాగాలి. హీట్ గన్ పెడితే మాత్రం పిన్ను కరిగిపోతుందా ఏంటి?

నల్లట్రక్కు:
టెయిల్‌గేట్ లోపలి కవర్ విప్పి చూశాను. అక్షరాల వెనక రంధ్రాలేం లేవు. మధ్యలో గుండ్రటి లోగోకి మాత్రం రెండున్నాయి. గేజ్ ఇంకా దొరకలేదు.

పెయింట్‌పని:
అయితే లోగో జోలికి వెళ్లకండి. ఆ రంధ్రాలు పూడ్చాలంటే ప్యానెల్‌కి పెయింట్ వేయాల్సిందే. ఊరికే వదిలేస్తే నీళ్లు దిగి అంచుల దగ్గర తుప్పు మొదలవుతుంది. గేజ్ దొరికేదాకా అక్షరాలు కూడా ఆపండి. ఈలోగా డోర్ తెరిచి అంచుల్లో, రబ్బరు బీడింగుల మీద స్ప్రే తుంపరలు, మాస్కింగ్ టేపు గీతలు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ డోర్ రీపెయింట్ అయినట్టే, పట్టీ మీద చెయ్యి వేయొద్దు. లేకపోతే పట్టీని ఒక చివర నుంచి జానెడు చొప్పున వేడి చేస్తూ కోసుకుంటూ రండి. ఊడిన భాగం వేలాడి పెయింట్‌ని గీకకుండా ఇంకొకరిని పట్టుకోమనండి.