చర్చ: వైట్‌వాటర్ (రాళ్ళ మీద నురగలతో ఉరికే నీళ్ళు) పడవ రేసులు నేర్పే క్లబ్బు — అసోసియేషన్‌లో వెతకాలా, నది ఒడ్డునా?

సుడిగుండం: మాది హైదరాబాదు. పారిస్ ఒలింపిక్స్‌లో కయాక్ క్రాస్ (ఉరికే నీళ్ళలో చిన్న తెడ్డు పడవల పందెం) చూసిన దగ్గర్నుంచి మా మేనల్లుడికి (16 ఏళ్ళు) ఇదే ధ్యాస. రాష్ట్ర అసోసియేషన్ క్లబ్బులో చేర్చమని కొందరు, తిన్నగా గంగ ఒడ్డున రిషికేశ్ పంపమని కొందరు. ఏది మేలు?

తెడ్డు_మాస్టారు: అసోసియేషనే. అంతర్జాతీయ కనో సమాఖ్యలో మన దేశం తరఫున ఉన్నది ఇండియన్ కయాకింగ్ అండ్ కనోయింగ్ అసోసియేషన్. నేషనల్స్‌కి జట్టు వెళ్ళేది దాని రాష్ట్ర శాఖ నుంచే. చేరే ముందు ఆ క్లబ్బుకి అనుబంధం ఉందో లేదో కాగితం చూపించమనండి, నోటిమాట నమ్మకండి.

రాళ్ళ_రేవు: మాస్టారూ, ఆ క్లబ్బుల్లో ఎక్కువగా నేర్పేది స్ప్రింట్, అంటే నిలకడ నీళ్ళలో నేరుగా పోయే పందెం. స్ప్రింట్ కె1 (ఒక్కరు తోలే కయాక్) పడవ 5.20 మీటర్ల దాకా ఉంటుంది, బాణంలా నేరుగా పోతుంది. స్లాలం అంటే ఉరికే నీళ్ళలో వేలాడే కర్రల గేట్ల మధ్యనుంచి పోవడం. ఆ పడవ 3.5 మీటర్లు, ఉన్నచోటే గిర్రున తిరగాలి. చెరువులో రెండేళ్ళు నేరుగా తోలినవాణ్ణి తెచ్చి ఎడ్డీ గీత (జోరు ప్రవాహం, రాయి వెనక నెమ్మది నీళ్ళు కలిసే చోటు) మీద పెట్టండి. ప్రవాహం వచ్చే వైపుకి ఒరుగుతాడు, క్షణంలో బోల్తా.

తెడ్డు_మాస్టారు: ఒరగడం వారంలో వస్తుంది. తెడ్డు వెయ్యడం రాదు. చేతులతో లాగకుండా నడుము తిప్పి లాగే అలవాటు నిలకడ నీళ్ళలోనే పడాలి. పెద్ద పెద్ద స్లాలం ఆటగాళ్ళు కూడా చెరువు మీద తీగలకి గేట్లు కట్టుకుని సాధన చేస్తారు. కర్రకి ఒళ్ళు తగిలినా తెడ్డు తగిలినా టైముకి 2 సెకన్లు కలుపుతారు, గేటు వదిలేస్తే 50. ఆ లెక్క ఒంటికి పట్టేది అక్కడే.

గోదారి_పిల్ల: పాపికొండల దగ్గర కుదరదా?

రాళ్ళ_రేవు: కుదరదమ్మా. అక్కడుండేది లోతు నీళ్ళు, వరదొస్తే సుళ్ళు. రాపిడ్ అంటే రాళ్ళూ వాలూ ఉండాలి.

మాస్టారికి జవాబు: కుర్రాడు అడిగింది కయాక్ క్రాస్. నలుగురూ ఒకేసారి ర్యాంపు మీంచి దూకుతారు, దారిలో రోల్ (పడవతో సహా తలకిందులై, బయటికి రాకుండానే మళ్ళీ పైకి లేవడం) కొట్టి తీరాలి. కాబట్టి క్లబ్బుకి ఫోన్ చేసి మొదట అడగాల్సింది "రోల్ ఎక్కడ నేర్పుతారు?" అని. స్విమ్మింగ్ పూల్ అంటే సరే. ముందు గట్టు పట్టుకుని తుంటితో పడవని లేపడం, తర్వాత తెడ్డుతో. అందరూ చేసే తప్పు ఒక్కటే, ఊపిరి కోసం తల ముందు లేపడం. తల లేచిందా, పడవ మళ్ళీ తిరగబడుతుంది. తల ఆఖర్న రావాలి. దానికన్నా ముందు నేర్పాల్సింది బోల్తా పడ్డ పడవలోంచి బయటపడటం. స్ప్రే స్కర్ట్ (నీళ్ళు లోపలికి రాకుండా నడుం చుట్టూ పడవని మూసే గుడ్డ) ఊడదీసే లూప్ బయటికి కనిపిస్తోందో లేదో ప్రతిసారీ చెయ్యి పెట్టి చూసుకోవాలి. అది లోపల ఉండిపోతే తల్లకిందులుగా వేలాడుతూ వెతుక్కోవాలి.

డల్లాస్_బాబాయ్: మా పక్కనున్న ఓక్లహోమా సిటీలో పంపులతో నడిచే రాపిడ్స్ 2016 నుంచి ఉన్నాయి. 2028 ఒలింపిక్ స్లాలం అక్కడే. అమెరికాలో ఉన్నవాళ్ళు అమెరికన్ వైట్‌వాటర్ అనుబంధ క్లబ్బుల జాబితా చూడండి.

తెడ్డు_మాస్టారు: హైదరాబాదు కుర్రాడికి ఓక్లహోమా ఎందుకండీ?

రాళ్ళ_రేవు: నీళ్ళ కాలం కూడా చూసుకోవాలి. రిషికేశ్‌లో జులై, ఆగస్టు నెలల్లో రాఫ్టింగ్ బంద్. సరిగ్గా అప్పుడే కోజికోడ్ జిల్లా కోడంచేరి దగ్గర చాలిప్పుళ, ఇరువంజిప్పుళ పొంగుతాయి. మలబార్ రివర్ ఫెస్టివల్ అనే కయాక్ పోటీల పండగ అక్కడే. దేశంలో కయాక్ తోలేవాళ్ళు చాలామంది ఒకే ఒడ్డున దొరుకుతారు. పది వెబ్‌సైట్లు చూసేకన్నా అక్కడ రెండు రోజులు నిలబడటం నయం. కర్ణాటక దండేలిలో కాళీ నది ఆనకట్ట వదిలే నీళ్ళ మీద ఆధారం.

తెడ్డు_మాస్టారు: పండక్కి పోయి పతకం తెస్తే ఏం లాభం? స్పోర్ట్స్ కోటాలో ఆ కాగితం చెల్లదు. గుర్తింపున్న సమాఖ్య పోటీలే చూస్తారు. ఏటా ఎంతమంది తల్లిదండ్రులు డబ్బు పోసి మోసపోతున్నారో మీకేం తెలుసు?

రాళ్ళ_రేవు: అదీ సంగతి! పొద్దుట్నుంచీ నడుము తిప్పుడు గురించి క్లాసు పీకి, చివరికి తేలింది సీటు. ముందే చెప్తే నా టైపింగ్ మిగిలేది.

తెడ్డు_మాస్టారు: సీటు అడగడం నేరమా? సొంత పడవ కొనగలిగినవాళ్ళకి నది గురించి కవిత్వం బాగానే ఉంటుంది.

సుడిగుండం: ఇద్దరూ ఆగండి. వాళ్ళ నాన్న అడిగేది కోటా, వాడు అడిగేది నది. రెండూ నిజమే.

రాళ్ళ_రేవు: అలాగైతే మధ్యప్రదేశ్‌లో నర్మద మీద మహేశ్వర్ ఒకటుంది. 2023లో జరిగిన ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌లో స్లాలం అక్కడి సహస్రధారలోనే జరిగింది. వేరే రాష్ట్రం వాళ్ళని శిక్షణకి తీసుకుంటారా అని అడగండి.

తెడ్డు_మాస్టారు: తీసుకున్నా ఏ రాష్ట్రం తరఫున ఆడతాడో ముందే తేల్చుకోండి. చివరి నిమిషంలో పేచీ వచ్చేది అక్కడే. మహేశ్వర్ మాట మాత్రం ఒప్పుకుంటున్నా.

గోదారి_పిల్ల: అబ్బాయికి ఈతొచ్చా?

సుడిగుండం: పూల్‌లో ఒక్క అడ్డం ఈదుతాడు.

రాళ్ళ_రేవు: ఫోన్లన్నీ ఆపండి. ముందు లైఫ్ జాకెట్, హెల్మెట్ వేసుకుని పారే నీళ్ళలో వెల్లకిలా, పాదాలు దిగువకి పెట్టి తేలడం రావాలి. నీళ్ళు పరుగెడుతుంటే లేచి నిలబడొద్దని చెప్పండి, రాళ్ళ సందున పాదం ఇరుక్కుంటుంది.

తెడ్డు_మాస్టారు: ఇందులో నాకు పేచీ లేదు.